ఇంకో యాభై అడుగులు

మా అక్క కూతురు డిగ్రీలో ఇంగ్లీష్ లిటరేచర్ చదువుతోంది. పోయిన నెలలో ఒక రాత్రి పదిన్నరకు ఫోన్ చేసి, "చిన్నమ్మా, ఫ్రాంకెన్‌స్టీన్ మీద అసైన్‌మెంట్ ఇచ్చినారు. హద్దు మీరిన యాంబిషన్ వల్ల వచ్చే ప్రమాదాలంట. రేప్పొద్దున ఇయ్యాల. నువ్వు చదివినావు కదా, గబగబా ఏమన్నా చెప్పు" అంది. గైడు చూసుకోలేదా అంటే, చూశానని ఆ పేజీ ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. విక్టర్ ప్రకృతి రహస్యాల్లో వేలు పెట్టాడు, దేవుడు చేయాల్సిన పని తాను చేయబోయాడు, తమ్ముణ్ణి, స్నేహితుణ్ణి, కట్టుకున్నదాన్ని పోగొట్టుకున్నాడు, కాబట్టి మనిషన్నవాడు తన హద్దులో తాను ఉండాలి. ఇదీ గైడు చెప్పింది.

"టైమ్ లేదు కదా, అదే కాస్త సాగదీసి రాసెయ్" అని పడుకున్నాను. పడుకున్నానే గానీ నిద్ర పట్టలేదు. ఆ నవల నేను మొదటిసారి చదివి ఇరవై ఏళ్ళు దాటింది. తెల్లారాక అటక మీద నుంచి తీసి, బ్యాంకు నుంచి వచ్చాక రోజూ కొన్ని పేజీల చొప్పున మళ్ళీ చదివాను. చదివేకొద్దీ గైడు మీద కోపం వచ్చింది, అది రాసెయ్యమన్నందుకు నా మీద అంతకన్నా ఎక్కువ వచ్చింది. పిల్లకు ఆ రాత్రి చెప్పాల్సింది ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాను. కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు: మేరీ షెల్లీ రాసిన ఈ నవలలో విక్టర్ ఫ్రాంకెన్‌స్టీన్ అనే కుర్రవాడు శవాల ముక్కలు కుట్టి ఒక జీవికి ప్రాణం పోస్తాడు, దాన్ని వదిలేసి పారిపోతాడు. ఆ జీవి అతని వాళ్ళను ఒక్కొక్కరినే చంపుతుంది. చివరికి దాన్ని తరుముకుంటూ ఉత్తర ధ్రువం వైపు పోయి, ఒక ఓడ ఎక్కి, కెప్టెన్‌కు తన కథ చెప్తాడు.

ఆశయమా, అత్యాశా

మన భాషలో దీనికి మాటలకు కొదవ లేదు. ఆశ, ఆశయం, పేరాశ, అత్యాశ, దురాశ. ఇంగ్లీషువాళ్ళు యాంబిషన్ అనే ఒక్క మాటతో సరిపెట్టుకుని, తిట్టాలనుకున్నప్పుడు దాని ముందు ఇంకో మాట తగిలిస్తారు. మన ఇబ్బంది వేరు. ఏ మాట వాడాలో పని పూర్తయ్యాక గానీ తెలీదు. గ్రూప్స్ ఐదోసారి రాసి కొట్టినవాడిది పట్టుదల. ఐదోసారీ తప్పినవాడిది మొండితనం. పరీక్షకు ముందురోజు ఇద్దరూ ఒకే రూములో ఒకే పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నవాళ్ళే.

గైడు విక్టర్ కథను చివరి నుంచి మొదటికి చదివి 'దురాశ' అని ముద్ర కొట్టేసింది. మొదటి నుంచి చదివితే ఆ ముద్ర అంత తేలిగ్గా పడదు. విక్టర్ జర్మనీలోని ఇంగోల్‌స్టాట్ యూనివర్సిటీలో చదువుకు బయల్దేరే ముందే వాళ్ళమ్మ చనిపోతుంది. అతను తర్వాత పెళ్ళాడే ఎలిజబెత్‌కు స్కార్లెట్ జ్వరం వస్తే దగ్గరుండి సేవ చేసి, ఆ జ్వరమే అంటుకుని పోతుంది. అలాంటి ఇంటి నుంచి వెళ్ళిన కుర్రవాడు చావు మీద పగబట్టాడంటే అందులో గర్వం ఎంత, దుఃఖం ఎంత అని తూచి చెప్పగలమా?

రాసిన మనిషిని చూడండి. మేరీ షెల్లీ తల్లి ఈమెను కన్న పదకొండో రోజున పోయింది. మేరీ తన మొదటి బిడ్డను 1815 ఫిబ్రవరిలో నెలలు నిండకుండానే కన్నది. ఆ పాప రెండు వారాలకల్లా పోయింది. మార్చిలో డైరీలో రాసుకుంది: పాప మళ్ళీ బతికినట్టు కల వచ్చిందట, చల్లబడిందంతే, మంట దగ్గర పెట్టి రుద్దితే లేచిందట. లేచి చూస్తే పాప లేదు. మరుసటి ఏడాది జూన్‌లో, పద్దెనిమిదేళ్ళ వయసులో, జెనీవా సరస్సు పక్కన ఈ నవల మొదలుపెట్టింది. చనిపోయినవాళ్ళను లేపాలన్న కోరికే పాపమని చెప్పడానికి ఆమె ఈ పుస్తకం రాసిందంటే నేను నమ్మను.

నీతి చెప్తున్నది ఎవరు?

గైడులో పెద్ద అక్షరాల్లో ఇచ్చిన వాక్యం ఒకటుంది. జ్ఞానం సంపాదించడం ఎంత ప్రమాదమో నన్ను చూసి నేర్చుకో, తన ఊరే ప్రపంచమనుకునేవాడే సుఖంగా ఉంటాడు అన్నది. నవల సారాంశం ఇదేనని గైడు తేల్చేసింది. అయితే ఈ మాట రచయిత్రి అన్నది కాదు, విక్టర్ అన్నది. విక్టర్ సాక్ష్యం ఎంతవరకు నమ్మొచ్చో చూడాలంటే ఉత్తర ధ్రువ సముద్రంలో మంచులో ఇరుక్కున్న ఆ ఓడ మీదికి వెళ్ళాలి.

ఆ ఓడ కెప్టెన్ వాల్టన్ కూడా విక్టర్ లాంటివాడే. ఎవరూ చేరని ధ్రువం దగ్గరికి చేరాలని ఆస్తి పెట్టి, ఓడ మాట్లాడుకుని బయల్దేరాడు. తాను కోరుకున్న జ్ఞానం దొరకాలంటే ఒక మనిషి ప్రాణం పోయినా అది చిన్న వెలేనని 1831లో దిద్దిన ప్రతిలో వాల్టన్ ముందే అంటాడు. ఓడ చుట్టూ మంచు బిగుసుకుంది, చలికి కొందరు చచ్చిపోయారు. సెప్టెంబర్ 5న నావికుల తరఫున అయిదారుగురు కేబిన్‌లోకి వచ్చి నిలబడ్డారు. మంచు విడితే ఓడను దక్షిణానికి తిప్పుతానని మాట ఇవ్వమన్నారు.

వాల్టన్ నోరు తెరవకముందే, మంచం మీద నుంచి లేవలేని విక్టర్ లేచి ఉపన్యాసం అందుకుంటాడు. ఇంత తేలిగ్గా వెనక్కి తిరుగుతారా, ఇది గొప్ప ప్రయాణమని మీరే అనలేదా, ఈ మంచు మీ గుండెలంత గట్టిదేం కాదు, మగవాళ్ళలా నిలబడండి అంటాడు. ఊరే ప్రపంచమనుకునేవాడు సుఖపడతాడని చెప్పిన నోరే ఇది. ఆ నావికులకు ఊళ్ళో పెళ్ళాం పిల్లలు ఉండి ఉంటారు, వాళ్ళకు ఊరే ప్రపంచం. వాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటారు, జవాబు చెప్పలేరు.

చనిపోయే ముందు ఇంకా విచిత్రం. తాను చేసిన పనులన్నీ తరచి చూసుకున్నాననీ, తప్పు పట్టాల్సిందేమీ కనిపించలేదనీ అంటాడు. తర్వాత ప్రశాంతంగా బతుకు, యాంబిషన్ జోలికి పోకు అని వాల్టన్‌కు చెప్తాడు. ఆ వెంటనే, అయినా ఇదంతా ఎందుకు చెప్తున్నాను, నేను ఓడిపోయాను గానీ ఇంకొకరు గెలవొచ్చు కదా అంటాడు. అవే ఆఖరి మాటలు. చేతిలో గ్లాసు పట్టుకుని మందు మానెయ్యమని చెప్పే మనిషి మాటను నీతివాక్యంగా అచ్చు వేసి, పిల్లల చేత బట్టీ పట్టిస్తున్నాం.

మేడ మీద గది

మరి ప్రమాదం ఎక్కడుంది? నాకు తోచింది ఒక్కటే. ప్రమాదం కోరిక పెద్దదవడంలో లేదు. ఇక చాలు అనగలిగిన మనిషికి ఆ కోరిక గురించి చెప్పకపోవడంలో ఉంది.

భయం పుట్టించే గోతిక్ నవల అంటే పాడుపడ్డ కోట, నేలమాళిగ ఉండాలి. ఇందులో కోట బదులు ఒక స్టూడెంట్ గది ఉంది. ఇంటి పైభాగాన, మిగతా గదులన్నిటికీ దూరంగా, మెట్ల అవతల. దాదాపు రెండేళ్ళు విక్టర్ అందులో ఏం చేస్తున్నాడో ఎవరికీ తెలీదు. ఇంటికి ఉత్తరం రాయడు. వాళ్ళ నాన్న కొడుకును సాగనంపేటప్పుడే, నీ దగ్గర్నుంచి ఉత్తరాలు ఆగిపోతే మిగతా బాధ్యతలు కూడా వదిలేసినట్టే అనుకుంటాను అని చెప్పి పంపాడు. ఎంత తెలివైన తండ్రో! పరాకున పడ్డ పిల్లవాణ్ణి కనిపెట్టడానికి ఇంతకన్నా మంచి గుర్తు నాకు తెలీదు. హాస్టల్‌లో ఉన్న మా వాడు వారం రోజులు ఫోన్ ఎత్తకపోతే ఇప్పుడు నాకు ఆ వాక్యమే గుర్తొస్తోంది.

ఆ గదిలో జరిగిన ఒక చిన్న విషయం మీద గైడులో ఒక్క ముక్క లేదు. విక్టర్ మొదట మామూలు మనిషంత ఎత్తులోనే చేద్దామనుకున్నాడు. నరాలు, కండరాలు మరీ సన్నవి, వాటితో పని ఆలస్యమవుతోంది. అందుకని తొందరగా అవ్వాలని సైజు పెంచేశాడు. ఎనిమిది అడుగులు. ఆ జీవిని చూసి లోకమంతా జడుసుకోవడానికి అంత ఎత్తు కూడా ఒక కారణమే కదా! దాని వెనక దైవధిక్కారమూ లేదు, పాడూ లేదు. పని తెమలడం లేదని పట్టిన అడ్డదారి అది. పక్కన ఇంకో మనిషి ఉండుంటే, "అంత పెద్దగా చేస్తే ఆ తర్వాత వాడు ఎక్కడ పడుకుంటాడ్రా, ఏం తొడుక్కుంటాడ్రా" అని అడిగేవాడేమో.

ఇక్కడ మా ఇంటి సంగతి చెప్పాలి. చెప్పొద్దనే అనుకున్నాను గానీ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం అదే.

మాది అనంతపురం వైపు పల్లె. నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా నాన్న మూడో బోరు వేయించాడు. మొదటి రెండూ ఎండిపోయినవే. మూడోదానికి ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని చేనంతా తిరిగి, అది నిక్కి నిలబడ్డచోట పాయింట్ పెట్టాడు. తమిళనాడు బండి వచ్చింది. అడుగుకు ఇంత అని లెక్క. అమ్మకు చెప్పింది రెండు వందల యాభై అడుగులని. సాయంత్రం మొదలుపెట్టారు. నేను చద్దిమూట తీసుకుని వెళ్ళి అక్కడే ఉండిపోయాను. బండి రొదకు చెవులు గింగురుమంటున్నాయి, రంధ్రంలోంచి తెల్లటి రాతిపొడి ఎగజిమ్ముతోంది. నాన్న మొహం, బనియను, కనుబొమలు అన్నీ తెల్లగా అయిపోయాయి. యాభై అడుగులకోసారి బండాయన తిరిగి చూసేవాడు. నాన్న చెయ్యి ఊపేవాడు. ఇంకో యాభై. పొడి ఒక్క పిడికెడు తీసుకుని నలిపి చూసేవాడు, తేమ తగులుతుందేమోనని. నాలుగు వందలు దాటాక కూడా చెయ్యి ఊపాడు. ఆ డబ్బులు ఎక్కడివో నాకు తెలీదు. అమ్మ కమ్మలు బ్యాంకులో ఉన్నాయని తర్వాత తెలిసింది. అమ్మకూ తర్వాతే తెలిసింది.

రాత్రి తొమ్మిదికి అమ్మ లాంతరు పట్టుకుని చేని గట్టు మీద వచ్చింది. నాన్నతో ఒక్క మాట మాట్లాడలేదు. తిన్నగా బండాయన దగ్గరికి పోయి, "అన్నా, ఇంగ ఆపన్నా. ఇయ్యడానికి ఇంట్లో ఏమీ లేదు" అంది. ఆయనకు తెలుగు ఎంత అర్థమయ్యిందో గానీ మిషన్ ఆపేశాడు. నాన్న తొమ్మిది రోజులు అమ్మతో మాట్లాడలేదు.

ఎదురు వాదన

ఇక్కడితో ఆపితే నా వాదన బాగా నిలబడుతుంది. కానీ ఎదురు ప్రశ్నలు నాకే వస్తున్నాయి.

మొదటిది: విక్టర్‌కు మనుషులు కరువా? క్లెర్వాల్ లాంటి స్నేహితుడు, ఎలిజబెత్, ఉత్తరాల తండ్రి. ఇంతమంది ఉండీ ఆగలేదంటే అందరూ ఉన్నంత మాత్రాన లాభం లేదనేగా? నిజమే. ఉండటం వేరు, వాళ్ళకు తెలియడం వేరు. తెలిసీ వద్దనే దమ్ము ఉండటం ఇంకా వేరు. ప్రొఫెసర్ వాల్డ్‌మన్ విక్టర్‌ను మెచ్చుకుని ఉబ్బించి వదిలాడు. పక్కన చప్పట్లు కొట్టేవాళ్ళు ఎంతమంది ఉన్నా ఒంటరి గదిలో ఉన్నట్టే లెక్క.

రెండోది ఇంకా గట్టిది. ఆపేవాళ్ళు ఎప్పుడూ తెలివైనవాళ్ళేం కాదు. ఆ నావికులు జ్ఞానం గురించి ఆలోచించి కాదు, ప్రాణభయంతో వెనక్కి పోదామన్నారు. ప్రతిదానికీ వద్దనే ఇంట్లో పుట్టిన ఆడపిల్లను నేను. ఇంజినీరింగ్ వద్దన్నారు, హైదరాబాద్ వద్దన్నారు. అప్పుడు వాళ్ళ మాట వినుంటే ఈ ఉద్యోగమూ ఉండేది కాదు, ఈ బ్లాగూ ఉండేది కాదు. మేరీ షెల్లీ కూడా ఎవరి మాటా వినలేదు. పదహారేళ్ళప్పుడే ఇల్లు వదిలి వెళ్ళింది. నవల 1818 జనవరి 1న 500 కాపీలతో, రచయిత పేరు లేకుండా వచ్చింది. చదివి మెచ్చుకున్న, అప్పటి పేరున్న రచయిత వాల్టర్ స్కాట్ అంతటివాడు దాన్ని ఆమె భర్త పెర్సీ రాశాడనుకున్నాడు. ఆమె కోరికకు కూడా హద్దు గీసి ఉంటే మనకు ఈ పుస్తకమే లేదు. ఈ చిక్కుముడి నాకు పూర్తిగా విడలేదు. వద్దనే ప్రతివాడి మాటా వినమని నేను అనడం లేదు. వద్దనగలిగే వీలు వాళ్ళకు ఉండాలి, మనం ఏం చేస్తున్నామో వాళ్ళకు కనిపించాలి, అంతవరకే నేను చెప్పగలను.

మూడోది మా పక్క చేనాయన. ఆయన నాలుగు బోర్లు వేశాడు. నాలుగోది మూడించుల నీళ్ళు పడింది. ఊళ్ళో ఇప్పటికీ ఆయన పట్టుదల గురించి చెప్పుకుంటారు. ఇంకొకరు గెలవొచ్చు కదా అన్న విక్టర్ మాట చదివినప్పుడల్లా నాకు ఆ చేను కనిపిస్తుంది. దానికి నా దగ్గర జవాబు లేదు.

భస్మాసుర హస్తం కాదు

మన పత్రికల్లో ఫ్రాంకెన్‌స్టీన్ ప్రస్తావన వస్తే వెంటనే భస్మాసురుణ్ణి తెస్తారు. ఈ మధ్య ఏఐ మీద వచ్చే ప్రతి రెండో వ్యాసంలో ఇద్దరూ జంటగా కనిపిస్తున్నారు. పోలిక వినడానికి బాగుంటుంది గానీ అతకదు. భస్మాసురుడు చెయ్యి చాచింది కాల్చడానికి. ఇక్కడ నవంబరు రాత్రి, వాన కిటికీలకు కొడుతుంటే, ఆరబోయే కొవ్వొత్తి వెలుగులో ఆ జీవి పసుపుపచ్చ కన్ను తెరుస్తుంది. విక్టర్ అసహ్యంతో పడకగదిలోకి పారిపోతాడు. కాసేపటికి ఆ జీవి వచ్చి మంచం తెర ఎత్తి పట్టుకుని చూస్తుంది. ఏదో గొణుగుతుంది. పళ్ళు కనిపిస్తాయి. ఒక చెయ్యి చాపుతుంది. తనను పట్టుకోబోయిందనుకుని విక్టర్ మెట్లు దిగి పరుగెత్తుతాడు. అప్పుడే పుట్టిన బిడ్డ ఎవరి వైపైనా చెయ్యి చాపితే మనం ఏమంటాం?

పొద్దున క్లెర్వాల్‌తో కలిసి గదికి తిరిగి వచ్చి, అది లేదని చూసి సంతోషంతో చప్పట్లు కొడతాడు విక్టర్. అది ఎక్కడికి పోయింది, ఎవరి కంట పడింది అన్న ఆలోచన లేదు. నన్నడిగితే, సృష్టించిన రాత్రి కన్నా ఆ చప్పట్లు కొట్టిన పొద్దున్నే అసలు నేరం జరిగింది.

ఆ తర్వాత వాళ్ళింటి పనమ్మాయి జస్టీన్ సంగతి. తమ్ముడు విలియంను చంపింది ఆమె కాదని విక్టర్‌కు గట్టి నమ్మకం. చెప్తే పిచ్చివాడంటారని నోరు మూసుకున్నాడు. ఆమెను ఉరి తీశారు. ఇందులో యాంబిషన్ ఎక్కడుంది? అప్పటికి ఆ కోరిక చచ్చి చాలా రోజులైంది. దాచే అలవాటు మాత్రం అలాగే ఉంది. విలియంను చంపి, వాడి మెళ్ళోని తల్లి చిత్రాన్ని జస్టీన్ దుస్తుల్లో పెట్టిన ఆ జీవి అమాయకుడేం కాదు. అయినా విక్టర్‌ను మంచుకొండ మీద అటకాయించి, గుడిసెలో మంట దగ్గర కూర్చోబెట్టి, నేను చెప్పేది మొత్తం విను అని పట్టుబట్టిన మొదటి ప్రాణి అదే. అంతకుముందు విక్టర్‌ను లెక్క అడిగినవాళ్ళే లేరు. లెక్క అడగడానికి ఒక మనిషిని తన చేతులతో తానే కుట్టుకోవాల్సి వచ్చింది.

మేరీ షెల్లీ అలా పారిపోలేదు. 1831లో నవలను మళ్ళీ దిద్ది, ముందుమాట రాసి, వికారమైన నా సంతానమా, వెళ్ళి బాగుపడు అని దీవించి పంపింది. ఈసారి తన పేరుతోనే.

సెప్టెంబర్ 7

నావికులు అడిగిన రెండు రోజులకు వాల్టన్ ఒప్పుకుంటాడు. సంతోషంగా ఏం ఒప్పుకోడు. నా ఆశలన్నీ పిరికితనం వల్ల పోయాయి, ఏమీ తెలుసుకోకుండా తిరిగొస్తున్నాను అని అక్కకు ఉత్తరంలో ఏడుస్తాడు. మంచు విడి దారి తెరుచుకున్నాక నావికులు ఆనందంతో కేకలు వేస్తారు. నిజంగానే వెనక్కి పోతున్నావా అని విక్టర్ అడిగితే, ఏం చెయ్యను, వాళ్ళను కాదనలేను అంటాడు. గైడులో ఈ నావికుల పేరెత్తలేదు. నవలలో కూడా వాళ్ళకు పేర్లు లేవు. వాళ్ళ వల్లే ఓడ తిరిగింది, ఓడ తిరిగింది కాబట్టి ఆ ఉత్తరాలు ఇంగ్లండు చేరాయనుకోవాలి, కథ మన దాకా వచ్చిందనుకోవాలి.

అక్క పేరు మార్గరెట్ సావిల్. కథంతా ఆమెకు రాసిన ఉత్తరాలే, ఆమె మాట మాత్రం ఒక్కటీ వినిపించదు. పుట్టింటి పేరు వాల్టన్ కలుపుకుంటే ఆమె పొడి అక్షరాలూ మేరీ వుల్‌స్టన్‌క్రాఫ్ట్ షెల్లీ పొడి అక్షరాలూ ఒకటే. కావాలనే పెట్టిందేమో.

మా నాన్న ఇప్పుడు లేడు. పోవడానికి రెండేళ్ళ ముందు ముగ్గురం బస్సులో ఊరికి పోతున్నాం. ఆ చేను పక్కనుంచే రోడ్డు. బోరు గుంత మీద నాన్న మూసిన బండరాయి ఇంకా అలాగే ఉంది, చుట్టూ తుమ్మ మొలిచింది. నాన్న కిటికీలోంచి చాలాసేపు చూసి, "ఇంకో యాభై పోయింటే పడిండేవి" అన్నాడు.

అమ్మ ఒళ్ళోని శెనక్కాయలు వలుస్తూ, తల ఎత్తకుండానే, "పడిండేవిలే. మనమూ పడిండేటోళ్ళం" అంది.

నాన్న చెయ్యి చాపాడు. అమ్మ అందులో నాలుగు గింజలు పోసింది.